అత్తయ్య మొహానికి హక్కుదారులు

ఏమర్రా, పొద్దుట్నుంచీ ఆ కంప్యూటరుకి అతుక్కుపోయారు, ఇంతకీ ఆ కేకుల కొట్టు బొమ్మలో ఉన్న ముసలావిడ ఎవరు? ఎవరూ కాదా? ఊరికే ఒక బామ్మా? బాగుంది. ఊరికే ఉన్న బామ్మకి ముక్కు మీదకి జారిన ఆ కళ్ళజోడు ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మడూ? సర్లే, చెప్పకు. దీన్నేమంటారన్నావు, బ్రాండింగా? ప్రతి కొట్టుకీ ఒక మొహం ఉండాలంటావు. ఈ ముక్క మా చిన్న మామయ్య మీ అమ్మ పుట్టకముందే అన్నాడు. కంప్యూటరు లేదు కాబట్టి దాన్ని బోర్డు రాయడం అనేవారు, అంతే. ఒరేయ్, గోడకి జారబడకుండా తిన్నగా కూచో, వినేవాడు పడుకుంటే చెప్పేవాళ్ళకి నిద్రొస్తుంది.

మామయ్య మహా పట్టుదల మనిషి. ఎదురుగా మనిషి లేనిదే బ్రష్షు తడపనని ఒట్టు పెట్టుకున్నాడు. ఊహించి గీసేవాడు ఆర్టిస్టు కాదట, అబద్ధాలకోరట. మరి ఎదురుగా కూచునే తీరిక ఎవరికుంది? బోర్డు కావాలన్న కొట్టు ఆయన కూచోడు, ఆయన భార్య అసలు కూచోదు. ఇంట్లో జీతం బత్తెం లేకుండా దొరికే మనిషి ఒక్కతే, మా అత్తయ్య. ఇటు రావే, అనేవాడు. చేతిలో పని అక్కడే పడేసి వచ్చి స్టూలు మీద కూచునేది పాపం. సబ్బు కంపెనీ ఆయన బోర్డు అడిగితే ఆవిడ జుట్టు తడిపి, చేతిలో సబ్బు పెట్టాడు. బేకరీ ఆయన అడిగితే అదే మనిషికి జుట్టు నెరిపించి, రెండు ముడతలు తగిలించి, చేతిలో రొట్టె పెట్టాడు. కళ్ళజోళ్ళ ఆయన అడిగితే, కళ్ళజోడు పెట్టాడు, అక్కడ పెద్దగా బుర్ర పెట్టక్కర్లేకపోయింది. అలా వీధి ఈ చివర్నించి ఆ చివరిదాకా మా అత్తయ్యే. ఆవిడ కూరలకి బయల్దేరితే నెత్తి మీద నుంచి తనే తనని చూసుకుంటూ నడిచేది.

ఇక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, తరవాత అడుగుతాను. ఆ బొమ్మలన్నిట్లోనూ ఎడమ కనుబొమ్మ కాస్త పైకి లేచి ఉండేది. ఎందుకూ? లోపల పొయ్యి మీద పాలు. కదలకే, కదిలితే పోలిక చెడుతుంది, అని ఈయన. పాలు పొంగుతున్న చప్పుడు ఆవిడ చెవికి. నోరు విప్పితే పెదవులు చెడతాయి కదా, అందుకని విసుగంతా ఆ కనుబొమ్మలోకి పోయేది. మామయ్య ఉన్నదున్నట్టు గీసే రకం, దాన్నీ గీశాడు. ఇంక కొట్ల వాళ్ళ తెలివి చూడండి. బేకరీ ఆయన, ఆ చూపులో తల్లి ప్రేమ ఉందండీ, అని అందరికీ చెప్పేవాడు. అది మా అమ్మేనండీ అని కూడా మొదలెట్టాడు. వాళ్ళమ్మ బతికే ఉంది, గుండ్రటి మొహం, ఒక్క పోలిక లేదు. అయినా కొడుకు అన్నాడు కదా అని ఆవిడ కూడా నమ్మేసి, వచ్చిన వాళ్ళందరికీ బోర్డు చూపించి, అప్పుడు కాస్త చిక్కి ఉన్నానమ్మా అనేది. సబ్బు ఆయన, అది ఎవరో పెద్ద నటి, పేరు బయటపెట్టొద్దని మాట తీసుకుంది అనేవాడు. కళ్ళజోళ్ళ ఆయన మాత్రం చదువుకున్న వాడు, అది మా షాపు చూపు, అన్నాడు. చూపంటే ఏమిటో ఆయన్నడగాలి. పొంగిపోతున్న పాలమ్మా ఆ చూపు.

ఈ సంగతులన్నీ అత్తయ్యే చెప్పింది నాకు, మిషను తొక్కుతూ. ఆవిడ దగ్గరే నేను కుట్టు నేర్చుకున్నది. చెయ్యి తిరిగిన మనిషి. కొలత టేపు మెడలో ఉంటే ఆవిడ నడకే వేరుగా ఉండేది. ఇంట్లో కుట్టి కుట్టి, చివరికి ధైర్యం చేసి వీధి మొగలో చిన్న గది అద్దెకి తీసుకుంది. అడగడం అలవాటు లేని మనిషి, అన్నేళ్ళ కాపరంలో మొదటిసారి నోరు విడిచి మామయ్యని ఒకటి అడిగింది. ఏమండీ, నాక్కూడా ఒక బోర్డు వెయ్యండి, అని. మామయ్య పొంగిపోయాడు. కొత్త రేకు తెచ్చాడు, అందరికన్నా పెద్దది. ఆవిణ్ణి స్టూలు మీద కాదు, మిషను ముందే కూచోబెట్టాడు. ఆ రోజు పొయ్యి మీద ఏమీ పెట్టలేదు అత్తయ్య. తీరిగ్గా, సంతోషంగా కూచుంది. కనుబొమ్మలు రెండూ ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. కానీ మామయ్య చెయ్యి ఉందే, అది అలవాటు పడిపోయింది. ఆవిడ అలా నవ్వు మొహంతో కూచునుంటే, ఈయన తల వంచుకుని ఆ ఎడమ కనుబొమ్మని ఎత్తేశాడు. చూసింది చూసినట్టు గీస్తానన్న మనిషి అసలు తలెత్తి చూస్తేగా.

బోర్డు వరండాలో ఆరుతోంది. మర్నాడు కొట్టు తెరవాలి. సాయంత్రానికి ముగ్గురూ వచ్చి పడ్డారు. ఎందుకొచ్చారో చెప్పుకోండి చూద్దాం. ఊహూ. బోర్డు బాగుందని కాదు నాన్నా, దొంగతనమైందని. తమ మూడు బోర్డుల మీదా ఉన్నది ఒకటే మొహమని మాత్రం ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. బేకరీ ఆయనకైతే కళ్ళల్లో నీళ్ళొక్కటే తక్కువ, మా అమ్మని తీసుకొచ్చి కుట్టుమిషను ముందు కూచోబెడతావా, అని. సబ్బు ఆయన, రేపు ఆ నటి గారికి నేనేం సమాధానం చెప్పను, అని. కళ్ళజోళ్ళ ఆయన నెమ్మది, ఆ కనుబొమ్మ మాదండీ, దాన్ని చూసే జనం మా కొట్టు గుర్తుపడతారు, అన్నాడు. ఇంతలో అత్తయ్య లోపల్నించి టీ తెచ్చింది. ట్రే పట్టుకుని, అచ్చం అదే మొహంతో, అదే కనుబొమ్మతో, బోర్డుకి మూరెడు దూరంలో నిలబడింది. ఒక్కొక్కరూ ఆవిడ చేతిలోంచి కప్పు తీసుకున్నారు. బోర్డు వంకే చూస్తూ తాగారు. చక్కెర సరిపోయిందన్నారు. సబ్బు ఆయనైతే ఇంకా మర్యాదస్తుడు, ఆవిడనే తీర్పు అడిగాడు.

"మీరైనా చెప్పండి చెల్లెమ్మా, ఒకరి మొహం ఇంకొకరు అడక్కుండా వాడుకోవచ్చా?"

"తప్పేనండి," అంది అత్తయ్య. "అడక్కుండా వాడుకోవడం చాలా తప్పు."

మామయ్య తల అలా కిందికి వాలిపోయింది. ఒక్క మాట చాలు కదా ఆయన నోట్లోంచి. ఇదిగో, ఇది మా ఆవిడ మొహం, అసలు అరువు తెచ్చుకున్నది మీరు, అంటే అయిపోయేది. అనలేదు. రేపటికల్లా చెరిపేస్తానండీ అన్నాడు. చెల్లెమ్మా బాగా చెప్పారని మెచ్చుకుని వెళ్ళారు ముగ్గురూ, కప్పులు అరుగు మీద పెట్టి.

అత్తయ్య కప్పులు తియ్యలేదు. ఆ మాట ఎందుకు అనలేకపోయారండీ, అని అడిగింది. వాళ్ళు బోర్డులు మాన్పిస్తారని భయపడ్డాడు, అనుకుంది ఆవిడ. అలా చెప్పినా సరిపెట్టుకునేదట. ఆయనేమన్నాడో తెలుసా? "నువ్వని నాకు తోచలేదే. నేనిన్నాళ్ళూ రొట్టె గీస్తున్నాననుకున్నాను, సబ్బు గీస్తున్నాననుకున్నాను." చూశారా, మహా కళాకారుడు. మనిషి ఎదురుగా లేకపోతే గీయలేడట, ఉంటేనేమో మనిషని తెలీదట.

ఆవిడ తిన్నగా బోర్డు దగ్గరికి నడిచింది. ఆయన టర్పెంటైన్ గుడ్డ తీసుకుంది, ఇంకా తడారని ఆ బోర్డు మీద మొహం ఒక్కటీ శుభ్రంగా తుడిచేసింది. చేతులుంచింది. మిషను ఉంచింది. మెడలో టేపు ఉంచింది. పైన మొహం ఉండాల్సిన చోట బూడిద పూసినట్టు గచ్చకాయ రంగు మరక. మర్నాడు అదే బోర్డు తగిలించి దాని కింద కూచుంది. మామయ్య బతిమాలాడు, కత్తెర బొమ్మ వేస్తాను, పువ్వు వేస్తాను అని. వద్దంది. వీధి వీధంతా వచ్చి నవ్వింది. నవ్వడానికి వచ్చిన వాళ్ళు పైన ఆ మరక చూసేవాళ్ళు, మొహం ఏదీ అని తల దించేవాళ్ళు. దించితే అక్కడ ఈవిడ. ఆ వీధిలో ఆవిడ మొహం వంక జనం మొట్టమొదట చూసింది అప్పుడే. చూసి ఏమన్నారనుకున్నారు? బేకరీ ఆయన వాళ్ళమ్మకి మీరు ఏమైనా చుట్టమా అండీ, అన్నారు. అవునండీ దూరపు చుట్టం, చెయ్యి ఎత్తండి, అని కొలతలు తీసుకునేది. మరేం చేస్తుంది.

ఆఁ? మామయ్యా? మళ్ళీ గీశాడా అంటావా? అడిగేవాడు. రోజూ సాయంత్రం బ్రష్షు కడుక్కుని వచ్చి, మిషనుకి ఎదురుగా కూచుని, ఇప్పుడు మొహం వెయ్యనా, అనేవాడు. ఇంకొంచెం చూడండి, అనేది తలెత్తకుండా. చూసేవాడు. మర్నాడు మళ్ళీ అడిగేవాడు, మళ్ళీ అదే జవాబు. తరవాత్తరవాత అడగడం మానేశాడు, రావడం మాత్రం మానలేదు. చేతులు వణికి బోర్డులన్నీ వదిలేశాక కూడా వచ్చి కూచునేవాడు. నేను కాజాలు కుట్టుకుంటూ ఓరగా చూసేదాన్ని. చేతిలో బ్రష్షు ఉండేది కాదు, ఏమీ ఉండేది కాదు. ఊరికే చూస్తూ...

ఏమిటమ్మడూ, ఒకసారి కంప్యూటరు వంక, ఒకసారి నా కళ్ళజోడు వంక, ఆ చూపులేమిటి? ఎవరూ కాదన్నావుగా ఆవిడ. లే, దారియ్యి. దిండు గలీబుకి గుండీలు సగంలో వదిలేసి వచ్చాను, సూది ఎక్కడ గుచ్చానో ఏమో, ఎవరైనా తల పెడితే గుచ్చుకుంటుంది. చూడాలనుంటే ఆ గదిలోకి వచ్చి కూచుని చూడు. తీరిగ్గా చూడు. పొయ్యి కట్టేసే వచ్చాను.