లానమ్మ వియ్యపురాలికి మోసుకెళ్లిన అప్పం

లానమ్మని ఒకావిడుంది, చైనాదేశంలో. అసలు పేరు మన నోటికి తిరగదులే, లానమ్మనుకో. అక్కడ నిండు పున్నానికి చందమామ పండగంట, దానికి గుండ్రంగా అప్పాలు చేస్తారంట. అయితే ఊరికో రకం! ఒకచోట గులాబీరేకుల పూర్ణం, ఒకచోట అయిదురకాల గింజలు. లానమ్మోళ్లది పొరలు పొరలుగా ఉంటది, లోపల పందిమాంసం, పొయ్యి మీంచి తియ్యగానే ఊదుకుంటా తినాలి. ఆవిడకి దక్షిణాది నుంచి కొత్తకోడలొచ్చింది, యూన్ అని. పండగపొద్దున, మీ పుట్టింటి రకం చెయ్యవే చూద్దాం అందంట అత్త. ఆ పిల్ల సంబరంగా తామరగింజలు రుబ్బి, పాకంతో పిండి కలిపి, నడిమధ్యన ఉప్పులో ఊరేసిన బాతుగుడ్డు సొన పెట్టి, అచ్చులో ఒత్తి కాల్చింది.

ఏమైందంటే, లానమ్మ ఆగలా. వేడిది తీసి కొరికింది. కటుక్కు! పన్ను కదిలింది. అత్తా, మావి మూడ్రోజులు మూతేసి ఉంచాలి, నూనె పైకొచ్చి అప్పుడు మెత్తబడతయ్యి అందంట ఆ పిల్ల. 'కాల్చిన ముంత మూడ్రోజులకి మెత్తబడుద్దా? చేతగాక కబుర్లా! పద, నిన్ను మీ అమ్మకే అప్పజెప్తా' అని లేచింది. సాక్ష్యానికి ఒక అప్పం గుడ్డలో మూటగట్టింది, వియ్యపురాల్ని నిలదియ్యాలి గదా మరి!

పడవలో మూడ్రోజుల దారి. ఒక మూల యూన్ ఏడుస్తా కూచుంది. లానమ్మ ఒళ్లో మూట. రెండోనాటికి అందులోంచి కమ్మగా వాసనొస్తా ఉంది. ఏందబ్బా ఇది, అని ముక్కు దగ్గరికి తెచ్చుకోటం, కోడలు చూస్తే దించటం. మూడోనాడు గుడ్డకి నూనె మరక. విప్పి చూద్దామని మనసు పీకుతా ఉంది, విప్పితే ఓడినట్టే గదా, బిగబట్టుకుందంట పాపం.

దిగారు. వియ్యపురాలు ఎదురొచ్చి కాళ్లకి నీళ్లిచ్చింది. 'చూడు నీ కూతురి నిర్వాకం!' అని లానమ్మ మూట విప్పిందా, అప్పం నిగనిగలాడతా ఉంది. వేలేస్తే దిగబడింది! వియ్యపురాలు ఒక ముక్క నోట్లో వేసుకుని, 'అబ్బబ్బ, వదినా! సరిగ్గా మూడ్రోజులు మగ్గబెట్టి మరీ తెచ్చావే! మావాళ్లకే ఇంత ఓపికుండదు. నీకెవరు నేర్పారు?' అందంట.

లానమ్మ కూడా ఒక ముక్క తిన్నది. కళ్లనీళ్లు తిరిగినయ్యి. 'నా కోడలే చెప్పింది వదినా, నేనే వినలా. దాన్ని దిగబెట్టి పోదామని వచ్చా. సిగ్గుగా ఉంది. నాతో పంపు' అంది.

యూన్ ఒక్క మాటనలేదంట. కళ్లు తుడుచుకుని, అత్త చెయ్యి పట్టుకుని పడవెక్కించిందంట. అంత మంచిపిల్ల. నేనైతేనా, ఇల్లు చేరిందాకా అంటానే ఉండేదాన్ని.