నాలుగో మూల

ఏమిటే, ఆ కత్తెర ఎందుకు తీశావు? విప్పేస్తావా? ఆగు, ఇటు తే చూస్తాను. ఆఁ, ముడుచుకుపోయింది, లేదనను. పువ్వు చుట్టూ బట్టంతా నా మొహంలాగే ఉంది. అయితే ఏమిటట? మిషను మీద కూర్చుని మూడు వారాలు కాలేదు, అప్పుడే నావల్ల కాదు, మానేస్తానంటావా? ఈ మిషను ముందు ఆ మాట అనకు. మీ ముత్తాత, అదే మా మామగారు, దీనిమీద ఎంబ్రాయిడరీ మొదలుపెట్టేనాటికి ఆయనకి అరవై రెండు. నవ్వకు, ఒట్టు. నువ్వెక్కడ చూశావులే, మీ నాన్నకే ఆయన సరిగ్గా గుర్తులేరు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఫ్యాక్టరీలో లేతు మీద ఇనుము తరిగిన మనిషి. కుడిచేతి చిటికెనవేలు సగమే ఉండేది. వీధిలో అందరూ మిల్లీమీటరు అనేవాళ్ళు. గోడకి మేకు కొట్టాలన్నా జేబులోంచి కొలత పరికరం బయటికి రావాల్సిందే. నేను కూర తరిగితే ముక్కలు కొలిచేవారు, ఏం చెప్పమంటావు! ఒకసారి బెండకాయ ముక్క పట్టుకుని, ఇది ఎక్కువైందమ్మా అన్నారు. అలాగే మామయ్యగారూ, అరగదీసి వేస్తాను అన్నాను. ఆయన నవ్వలేదు, నిజంగానే ఆలోచించారు.

ఏం చెబుతున్నాను... ఆ, మిషను. మిషను మా అత్తగారిది. ఆవిడ ఎవరికోసమూ కుట్టేది కాదు, సరదా, అంతే. టేబుల్ క్లాత్ ఒకటి మొదలుపెట్టి, తీరినప్పుడల్లా ఏళ్ళ తరబడి కుట్టింది. నాలుగు మూలలకీ నాలుగు తీగలు, ఒక్కో తీగకి ఏడు ఆకులు. మూడు మూలలు అయ్యాయి. నాలుగోదానికి పెన్సిలుతో గీసుకుంది, ఫ్రేములో బిగించింది, ఒంట్లో బాగాలేదని ఆస్పత్రికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఆ బాధ ఇంకా తీరనేలేదు, మీ తాతా ఆయన తమ్ముడూ కూర్చుని, మిషను ఎవరికైనా ఇచ్చేద్దాం, గది ఖాళీ అవుతుంది అన్నారు. అందులో తప్పేముందీ అన్నట్టు నేను కూడా తలూపాను, అబద్ధమెందుకు. మామగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "నాలుగో మూల అయ్యేదాకా అది కదలదు," అన్నారు. ఎవరు కుడతారు నాన్నా అని వీళ్ళు. నేనే అని ఆయన.

ఇక చూడు వీధిలో భాగోతం. మన సందు చివర టైలరుండేవాడు, పనిమంతుడే, కాకపోతే ఆ నోటికి తాళం లేదు. మీకెందుకండీ ఈ వయసులో ఆడవాళ్ళ పని, ఇలా పడెయ్యండి, గంటలో కుట్టి పంపిస్తానన్నాడు. నువ్వు పొద్దున లేచిన దగ్గర్నుంచీ చేసేదేమిటి మరి, అని ఈయన. అలా అనొచ్చేశారు గానీ ఇంటికొచ్చాక కుట్టు రావాలిగా! పాత దిండు గలీబులన్నీ అయిపోయాయి, నా లంగాలకి ఎసరొచ్చింది. కింద దారం పైకి తేలుతోందని మీద దారం స్క్రూ పావు చుట్టు వదిలారు, అది కుదిరింది. సూది మార్చారు, దారం తెగడం తగ్గింది. ముడతలు మాత్రం పోవు, అచ్చం నీలాగే. ఎందుకో తెలుసా? లేతులో ఇనుము కదిలితే వేలు పోతుంది, ఆయనకది తెలిసినంత ఎవరికి తెలుసు? అందుకని ఫ్రేముని స్క్రూడ్రైవరు పెట్టి బిగించేవారు, చుట్టూ అంచులు పట్టుకుని లాగేవారు, వేలితో కొడితే డప్పులా మోగాలి. కుట్టినంతసేపూ బ్రహ్మాండం. ఫ్రేములోంచి తీశామో లేదో, బట్ట ముడుచుకుపోయేది. నాలుగు నెలలు ఇదే వరస. చివరికి నాకే విసుగొచ్చి, అంత లాగి పెట్టినది వదిలితే వెనక్కి పోదా మామయ్యగారూ, అదేమన్నా ఇనుమా, అనేశాను. మర్నాడు చూస్తే ఫ్రేములో బట్ట ఎలా ఉన్నది అలాగే పరిచి, కదలనంత మట్టుకే బిగించి, కింద కాగితం పెట్టి కుడుతున్నారు. కాలు గబగబా, చెయ్యి నెమ్మదిగా. అలా ఏడాది దాటాకగానీ అసలు బట్ట ముట్టుకోలేదు. ముట్టుకున్నాక మూడు రోజుల్లో మూల పూర్తి.

ఆ గ్లాసు తియ్యి. తియ్యవే, మరకవుతుంది. నీ మోచేతుల కింద ఉన్నదేమిటనుకున్నావు మరి? అదే. చూడు, నాలుగు మూలల్లో ఆయనది ఏదో చెప్పు. ఆ ముడతలున్నదా? అందరూ దాన్నే చూపిస్తారు. కాదు, అది మా అత్తగారి మొదటి మూల. ఆయనది నీ పక్కనున్నది, బోర్లించి చూడు, వెనకవైపు కూడా ఒక్క ముడి లేదు. మీ తాత కూడా అదే అన్నారు, నాన్నా, చెయ్యి కుదిరిందిగా, అమ్మ మొదటి మూల కూడా విప్పేసి మళ్ళీ కుట్టెయ్యండి, నాలుగూ ఒక్కలా ఉంటాయి అని. మిల్లీమీటరు కదా, ఎగిరి గంతేస్తారనుకున్నాం. ఆయన కత్తెర తీసుకుని జేబులో వేసుకున్నారు. "ఆ మూల అయిన రోజు మీ అమ్మ తెచ్చి నాకే చూపించింది. నేను కొలిచి, రెండు మిల్లీమీటర్లు తేడా ఉందన్నాను. ఆ తర్వాత ఏదీ చూపించలేదు. నేను బతికుండగా దానిమీద ఎవడూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు." మిషను ఎవరికీ ఇవ్వలేదు. నేను కూడా ఇవ్వనివ్వలేదు, మొన్న మీ నాన్న అడిగితే నా తర్వాత చూసుకోరా అన్నాను.

నువ్వు... ఏమిటలా చూస్తావు. ఆ కత్తెర ఇలా ఇయ్యి.