కుంట గట్టున జారిన ఉంగరం

విక్టోరియా బంగారు నేలల్లో డనోలీ ఊరికి అవతలి అడవి. కెల్విన్‌ని రేపు పొద్దున మట్టి చేస్తారు. అతని భార్య నోలీన్, వయసులో ఉన్నప్పటి నుంచి అతనితో కలిసి సెలవు రోజుల్లో బంగారం వెతికిన ఆల్బీ, పాతకాలపు గనివాళ్లు పోసిపోయిన రాళ్ల దిబ్బ ముందు నిలబడి ఉన్నారు. ఆల్బీ చేతిలో, నేలలో లోహముంటే మోగే మెషిన్ ఉంది.

"మరి నన్నిక్కడికెందుకు తీసుకొచ్చావు? నీ పెళ్లి ఉంగరం పోయింది కుంట గట్టున అని కదా ఏడాదిగా వింటున్నాను! కెల్విన్ ప్రతి ఆదివారం వెతికింది అక్కడే కదా?"

"అక్కడ కాదు, ఆల్బీ. ఇక్కడ."

"ఇక్కడా? ఈ రాళ్లలోనా?"

"మెషిన్ పెట్టు. మాటలు తర్వాత."

"పెడతాను. ఈ ఈగలు ముందు నోట్లోంచి బయటికి రావాలి. థూ! సరే, చెప్పు. ఎలా జారింది?"

"జారింది."

"ఎలా అంటున్నాను, నోలీన్."

"ఎలా ఏంటి? సన్నబడ్డాను కదా అప్పుడు. వదులైంది, జారింది."

"నిలబడి ఉన్నావా, వంగి ఉన్నావా?"

"నువ్వు పోలీసువా, బంగారం వెతికేవాడివా?"

"కోప్పడకు. సముద్రపొడ్డున ఎంతమందికి ఉంగరాలు వెతికిచ్చానో నీకు తెలుసు. అందరూ జారిందనే చెప్తారు. జారిన ఉంగరం కాళ్ల దగ్గరే ఉంటుంది. విసిరిన ఉంగరం ఇంకెక్కడో ఉంటుంది. నువ్వు జారిందంటే నేను నీ కాళ్ల చుట్టూ పొద్దుగూకేదాకా తిరుగుతాను. రేపు శవపెట్టె మూసేస్తారు. నేనేం తీర్పు చెప్పడానికి రాలేదు. మెషిన్‌కి దిక్కు కావాలి, అంతే."

"ఇక్కడ నిలబడ్డాను. ఈ మోడు పక్కన. మొహం దిబ్బ వైపు."

"చెయ్యి పైకెత్తి విసిరావా, కిందినుంచా?"

"పైకెత్తి. బలమంతా పెట్టి."

"మంచిది."

"మంచిదా!"

"వెతకడానికి మంచిది అంటున్నాను. మా ఆవిడ ఐరిస్ ఒకసారి నా మీదికి కూర గిన్నె విసిరింది. గురి లేదు, మహాతల్లికి. గోడకి తగిలింది. బతికినన్నాళ్లూ ఆ మరక తుడవనివ్వలేదు నన్ను."

"నవ్వించకు, ఆల్బీ. నవ్వితే ఏడుస్తాను."

"ఏడువు. వినడానికి ఎవరున్నారిక్కడ, కంగారూలు తప్ప."

"ఎందుకు విసిరావని అడగవా?"

"మెషిన్‌కి అది అక్కర్లేదు."

"నాకు కావాలి, ఎవరికో ఒకరికి చెప్పడం. ఆ పొద్దున ఫోనొచ్చింది, మా చెల్లెలు వేరా పోయిందని. కెల్విన్ ఇక్కడున్నాడని కారేసుకొచ్చాను. ఎలా తోలానో కూడా గుర్తులేదు. వచ్చి, 'కెల్విన్, వేరా...' అన్నాను. అరచెయ్యి చూపించాడు. ఇలా. 'ష్ష్, ఆగు, సన్నగా మోగుతోంది' అన్నాడు."

"అయ్యో."

"వెనక్కి తిరగనైనా లేదు. మళ్లీ అన్నాను. మళ్లీ అరచెయ్యే."

"చెవులకి హెడ్‌ఫోన్లున్నాయేమో. సన్నటి మోత దొరికిందంటే మేమందరం అంతే. ఆ కాసేపు మనుషులం కాము."

"మోగిందేంటో తెలుసా? తుపాకీ సీసం. బఠాణీ గింజంత. దానికోసం వంగి తవ్వుకుంటున్నాడు, నేను ఇక్కడ నిలబడి ఉంగరం లాగి విసిరేశాను. అది కొన్న ఉంగరమైనా కాదు, ఆల్బీ. తను ఏరిన బంగారు రజనుతోనే చేయించాడు."

"తెలుసు. మూడు చలికాలాలు ఏరాడు. 'ఒక మంచి అంగడికెళ్లి కొనుక్కోరా' అంటే వినలేదు."

"తర్వాత విన్నాడు, వేరా సంగతి. నన్ను పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. నాకంటే ఎక్కువ ఏడ్చాడు. అలా ఏడ్చిన మనిషికి విసిరేశానని ఏ నోటితో చెప్పను? రాత్రి నా వేలు చూసి అడిగాడు. కుంట దగ్గర టీ కప్పులు కడుగుతుంటే, విల్లో చెట్టు మొదట్లో జారిపోయిందన్నాను."

"దాంతో ఏడాదంతా అక్కడే..."

"నా అబద్ధం పట్టుకుని వెతికాడు. చివరికి ఆ ఎండలోనే గుండె ఆగి..."

"ఎండలో కాదు, నీడలో. చూసినవాణ్ని నేనే కదా. చెట్టుకి ఆనుకుని ఉన్నాడు. టోపీ ఒళ్లో పెట్టుకున్నాడు. నిద్రపోయాడనుకుని కాసేపు లేపలేదు కూడా."

"నా మనసు కుదుటపడాలని చెప్తున్నావు."

"కాదు. ఫ్లాస్కు ఖాళీగా ఉంది, నోలీన్. టీ మొత్తం తాగాడు. ఆ మాత్రం దొరికింది అతనికి."

"ఉంగరం అతని చేతిలో పెట్టాలి. విసిరేశాను కెల్విన్, జారలేదు అని చెవిలో చెప్పాలి. నాకింకేం వద్దు. అబద్ధంతో మట్టి చెయ్యలేను."

"సరే. జరుగు కాస్త. దిబ్బ మొదటినుంచి మొదలెడతాను... ఆగు."

"మోగిందా?"

"లేదు. ఆగు, ఆగు. ఇటు రా. ఈ పసుపు మట్టి చూడు."

"ఏముంది అందులో?"

"కిందిమట్టి పైకొచ్చింది. ఎవరో తవ్వి పూడ్చారు. ఏడాది నాటిది, గడ్డి కూడా మొలిచింది. మడమతో తొక్కి, పైన చితుకులు పరిచి... ఇలా పూడ్చేవాడు ఈ అడవి మొత్తంలో ఒక్కడే. మేమంతా కాలితో ఓ తన్ను తన్ని పోతాం. 'ఏ కుందేలు కాలో విరిగితే పాపం నీదిరా' అని నన్ను తిట్టి, నా గుంటలు కూడా తనే పూడ్చేవాడు."

"కెల్విన్‌దా?"

"కెల్విన్‌దే."

"బంగారం కోసం తవ్వుంటాడు."

"బంగారానికైతే ఒక్క గుంటతో సరిపోతుందా? మేకులు, తూటాలు, డబ్బా మూతలు... దిబ్బ చుట్టూ జల్లెడలా చేసి గానీ వదలం. ఆ సీసం గుంట అదుగో, మోడు దగ్గరుంది; దిబ్బ దగ్గర ఇదొక్కటే ఉంది. నువ్వు నిలబడ్డ చోటికి తిన్నగా ఉంది. ఒక్కటే తవ్వి ఆపేశాడంటే..."

"అంటే?"

"దొరికిందన్నమాట. రాళ్ల సందుల్లోంచి కిందికి దిగిపోయుంటుంది, తవ్వి తీశాడు."

"దొరకడమేంటి? ఇక్కడ విసిరానని అతనికి తెలిస్తే కదా! వీపు నా వైపుంది, వంగి ఉన్నాడు."

"ఎండ ఎటుంది అప్పుడు?"

"నా వెనక. పొద్దున్నే కదా."

"అయితే నీ నీడ అతని ముందు పడుంటుంది, నోలీన్. నువ్వు చెయ్యెత్తితే నీడా ఎత్తుతుంది."

"లేదు. లేదు లేదు. చూస్తే అడిగేవాడు. దొరికితే ఇచ్చేవాడు. దొరికినవాడు ఆదివారాలన్నీ కుంట గట్టున ఏం వెతికినట్టు?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు. పద, చూద్దాం. ఆ పొదల వైపు వెళ్లకు, పాత గని గొయ్యి ఉంది. నా చెయ్యి పట్టుకో."

కుంట గట్టు. విల్లో చెట్టు నీడ.

"మొన్న అతన్ని చూసిన కంగారులో నేల చూడనే లేదు. ఇప్పుడు చూస్తున్నాను. నువ్వూ చూడు."

"ఏం చూడాలి?"

"గుంటలు."

"ఎక్కడున్నాయి?"

"లేవు. అదే చెప్తున్నాను. నేల పెచ్చు కట్టి ఎలా ఉన్నది అలా ఉంది. చేపలు పట్టేవాళ్లు తాగి పారేసిన బీరు మూతలతో నిండిపోయింది ఈ గట్టు. ఇక్కడ మెషిన్ ఊపినవాడు తవ్వకుండా ఉండలేడు. ఏడాదిలో ఒక్క గుంట లేదంటే, అతను మెషిన్ ఊపనేలేదు. మొన్న కూడా అది ఆపేసే ఉంది. చెట్టుకి ఆనించి ఉంది."

"మరి ఏం చేసేవాడు ఇక్కడ?"

"కూర్చునేవాడేమో."

"ప్రతి ఆదివారమా? ఒక్కడూనా?"

"కప్పులు ఎక్కడ కడిగానని చెప్పావు అతనికి?"

"ఇక్కడే. ఈ వేరు పక్కన."

"ఇదిగో, పట్టుకో మెషిన్."

"నేనా? నాకు రాదు. ఎప్పుడూ ముట్టలేదు దాన్ని. దాని మొహం చూస్తేనే మండేది నాకు."

"చీపురు పట్టడం వచ్చుగా? అంతే. కిందున్న పళ్లెం నేలకి ఆనీ ఆననట్టు, మెల్లగా. అటు... ఇటు..."

"నువ్వే పట్టు, ఆల్బీ."

"నేను పట్టను."

"ఎందుకు పట్టవు?"

"ఎందుకో పట్టకూడదనిపిస్తోంది. ఊపు."

"అబ్బా, ఎంత బరువు... దీన్ని మోసుకుని ఎలా తిరుగుతారో... ఆల్బీ."

"విన్నాను."

"మూత అయ్యుంటుంది."

"మూతైతే మోత తెగి తెగి వస్తుంది. ఇది గుండ్రంగా మోగుతోంది. పికాసు వద్దు. చేత్తో చూడు."

"అన్నీ ఆకులు... మట్టి కూడా తవ్వక్కర్లేదు, గోరు లోతైనా లేదు... ఆల్బీ. ఆల్బీ, ఇది..."

"నీదేనా?"

"నాదే."

"దాని కింద చూడు. పలక రాయి. దాని మీద పెట్టి, పైన ఆకులు కప్పాడు. వానకి మట్టిలోకి దిగిపోకుండా."

"దిబ్బలోంచి తీసి... నేను జారిందన్న చోటికి తెచ్చి..."

"కూర్చో. ఈ వేరు మీద కూర్చో, తల్లీ. నీళ్లు తాగు."

"ప్రతి ఆదివారం బూట్లు వేసుకుంటూ పిలిచేవాడు, ఆల్బీ. మొన్న కూడా పిలిచాడు. 'నాకు దొరకడం లేదే, ఇవాళ నువ్వు కూడా రా, నువ్వొస్తే దొరుకుతుంది' అని. నేను మొహం తిప్పుకునేదాన్ని... మెషిన్ పట్టడం రాదని వెక్కిరిస్తున్నాడనుకున్నాను."