రేవులో ఆగమన్న గొంతు

పెన్న ఒడ్డున పాతరేవు దగ్గర ఒంటి చింతమాను ఉందే, పొద్దువాలితే దాని నీడలోకి మేకలు కూడా పోవు, ఎందుకో తెలుసా? ఇంకాస్త ఇటు జరగండి, చెప్తా. వెనకటికి అక్కడ ఏట్లోకి రాళ్లు పరిచిన బాట ఉండేదంట, ఒక్క బండి పట్టేంత వెడల్పు, అటూ ఇటూ ఊబి, అందుకని ఏట్లో దిగేవాడు ముందు దారేనా అని కేకేసేవాడు, అవతల ఒడ్డువాళ్లు రా అనో ఆగు అనో చెప్తేనే బండి కదిలేది. ఒక వరదకి నడిమధ్య రాళ్లు కొట్టుకుపోయాయి, ఆ సంగతి తెలిసీ చింతమాను కింద కూర్చున్నవాడెవడో నవ్వులాటకి రా అన్నాడు, బండివాడు వచ్చాడు, ఎద్దులతో సహా ఊబిలోకి పోయాడు. అప్పట్నించీ పొద్దుగూకేవేళ ఏట్లోంచి ఆ కేక వినబడుతుంది. పలికితే వాడు మన ఒడ్డెక్కుతాడని, ఎవరు పిలిచినా నోరు మెదపొద్దని మన పిల్లలకి ఊహ తెలిసేసరికే నేర్పుతాం, అవునా?

మరి బాట ఉందని ఎవరు నమ్మారు? నిరుడు ఎండాకాలం తవ్వకాలవాళ్లు వచ్చి, చింతమానుకి ఇవతల నిలువెత్తు ఇసక తీసేసరికి, అబ్బ, బండలు! బండల మీద చక్రాలు అరగదీసిన గాడులు! ఊరంతా ఎగబడింది, ముసలోళ్లు ఆ గాడుల్లో వేళ్లు పెట్టి తడుముకున్నారు, ఏడెనిమిది వందల ఏళ్ల నాటి దారని తవ్వకాల సారు చెప్పాడు.

పెంచలమ్మ కూతురు సుభాషిణి అక్కడే గంపలెత్తే పనికి పోయేది. పెంచలమ్మ సంగతి తెలుసుగా, కూతురు తుమ్మితే నుదురు పట్టి చూసే మనిషి. ఒకరోజు తవ్వేవాళ్లందరూ వంతెన మీదుగా అవతలి ఒడ్డుకి పోయి తవ్వితే అక్కడా అవే బండలు తేలాయి. ఇంకేముంది, బాట ఏరు దాటిందన్నమాట! పొద్దుగూకుతున్నా కూతురు రాలేదని పెంచలమ్మ భయాన్ని మింగుకుని చింతమాను కిందికే వచ్చి నిలబడింది. అవతల సుభాషిణి సంబరం పట్టలేక, అమ్మకి ముందుగా తనే చెప్పాలని, మోకాటిలోతు నీళ్లలో బండల్ని కాళ్లతో తడుముకుంటూ బయల్దేరింది. నడియేట్లోకి వచ్చాక, చెట్టు కింద అమ్మ ఆకారం కనబడితే, పాతకాలం బండివాళ్లలాగా కేకేసింది.

"దారేనా?"

పెంచలమ్మ చెవిన పడింది. కూతురి గొంతే, కానీ దెయ్యానికి మన బిడ్డ గొంతు పట్టుకోవడం ఎంతసేపు? కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్ల మళ్లీ అడిగింది, జవాబు లేదు, సరేలే అని కాలెత్తింది.

అప్పుడు పెంచలమ్మ వెనకనించి, చింతమాను మొదట్లోంచి, ఒక మగగొంతు పలికింది.

"ఆగు."

పెంచలమ్మ తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఏట్లో పిల్ల ఎత్తిన కాలు ఉన్నచోటే దించి, ఎవరమ్మా ఆయన అని అడిగింది. దెయ్యమైతే దారేనా అంటుంది గానీ అమ్మా అంటుందా, ఆ మాటతో పెంచలమ్మకి నోరు పెగిలింది, అడుగు వెయ్యొద్దే తల్లీ, వచ్చిన దారినే వెనక్కి పోవే అని ఏడుస్తూ అరిచింది. పిల్ల వెనక్కి మళ్లి, వంతెన మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరింది.

మర్నాడు సారు సుభాషిణి ఆగిన చోట గెడ గుచ్చి చూశాడు. ఒక్క అడుగు అవతల బండల్లేవు, గెడకి గెడంతా దిగిపోయింది. పైకి లాగితే కొసకి తగులుకుని, తుప్పుపట్టిన బండిచక్రం పట్టా.

కాబట్టి అటు పోవద్దు. అప్పుడు నవ్వులాటకి రా అన్నవాడే ఇప్పుడు ఆగమని చెప్తున్నాడు కదా అంటారా? ఆ రోజు ఉన్నాడు. రోజూ కాపలా కాయడానికి వాడికేమన్నా జీతమిస్తున్నామా?