గౌరవ్వ మలుపు

ఇది నేను నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు: మల్లేశం కూతుర్ని నేనే. లింబాద్రి కాకకు ఆ సంగతి తెలియదు. ఎనిమిది నెలలుగా ఆయనతో కలిసి పని చేస్తున్నాను, ఒకే గిన్నెలో వండుకున్న అన్నం తింటున్నాము, అయినా చెప్పలేదు.

మా నాయిన ఒమాన్ వచ్చిన నాలుగేళ్లకు మాటా పలుకూ లేకుండా పోయాడు. అప్పుడు నాకు ఏడేళ్లు. అక్కడే దుక్మ్ అనే ఊళ్లో ఇంకో సంసారం పెట్టాడని మా ఊళ్లో అందరి మాట. నన్ను కన్న అవ్వ గౌరవ్వ ఆ మాటను నమ్మనూ లేదు, కొట్టిపారెయ్యనూ లేదు. పుస్తెలు మాత్రం తియ్యలేదు. నాయిన ఆఖరున పంపిన ఫొటోలో వెనక ఒక రాతి బురుజు ఉంది. ఏడాది పాటు ఫోన్‌లో వెతగ్గా వెతగ్గా అదే బురుజు ఈ కొండ ఊరి గెస్ట్‌హౌస్ బొమ్మల్లో కనబడింది. ఇక్కడికే వంటపనికి వచ్చాను. అవ్వకు మస్కట్ అని చెప్పాను.

కాకకు మోకాళ్లు పని చెయ్యడం లేదు, వచ్చే వారం ఇంటికి పోతున్నాడు. ఇక మీద ఆడ గెస్టులను నడక దారుల్లో తిప్పేది నేనే. శుక్రవారం పొద్దున దారి చూపిస్తానని వెంట తీసుకుపోయాడు. ఈ దారులన్నీ నీకెవరు చూపించారు కాకా, అని అడిగాను. ఏమీ తెలియనట్టు అడిగాను. నడుస్తూనే ఆయన చెప్పుకొచ్చాడు.

ఎవలంటే ఏం చెప్పాలె బిడ్డా. మల్లేశమని ఒకడుండె. జర ఆగు, ముందల కాలువ చూడు. ఫలజ్ అంటరు దీన్ని, గుట్టలకెల్లి నీళ్లు తెచ్చి ఖర్జూర తోటలకు వంతుల వారీగ వదుల్తరు. దీని గట్టు మీదనే నడువాలె, జానెడు వెడల్పు, ఎడమ దిక్కు కాలు జారితే ఇద్దరు మనుషులంత లోతు. గెస్టులకు ఈడనే చెప్పాలె, కెమెరాలు సంచిల పెట్టుండ్రి, కండ్లు కాళ్ల మీద పెట్టుండ్రి అని. మల్లేశం గట్లనే అంటుండె. వానికి ఇంగ్లీషు యాడిది, తెలుగులనే చెప్పేది, ఆళ్లకు సమజయ్యేది. ఎట్ల సమజయ్యేదో దేవునికెర్క. ఇంగ్లండుకెల్లి ఒక ముసలి దొరసాని వచ్చిందొకపారి. ఆమె ఊళ్లె సుత గిట్లనే పొలాల నడుమ నడక దారులుంటయట, ఆదివారం వస్తే అందరు లేచి ఊరికెనే నడుస్తరట, గొర్ల మందల నడుమకెల్లి, వాన పడ్డా సుత. నేను విడమర్చి చెప్తే మల్లేశం ఒకటే నవ్వుడు. "పని లేక నడుస్తరా? నేను పుట్టినకాంచి నడిచిందంత పని కోసమే గదన్నా! ఆమెనడుగు, నన్ను గూడ తోల్కపోతదేమో, ఊరికె నడుస్త" అన్నడు. ఆ దొరసాని టోపీ ఈడనే మేక తిన్నది. మేకను ఏమనలేదు, పాపం, మిగిలిన ముక్క గూడ దానికే ఇచ్చింది.

ఇబ్రి కాడ సిమెంటు పని కంపెనీల నుంచి తప్పిచ్చుకొని వచ్చిండు వాడు. నేను గూడ అంతే, వేరే కంపెనీ. కాయిదాలు లేకుండ పని చేసుకునేటోళ్లను ఖల్లివల్లి అంటరు ఈ దేశంల, నీకు తెల్వనిది గాదు. ఇద్దరం చెట్లెక్కి ఖర్జూర గెలలు కోస్తుంటిమి. అప్పుడు గెస్ట్‌హౌస్ గిట్ల లేకుండె, ఈ తోటల ఆసామి, మన అర్బాబ్, రెండు పాత అర్రలు సాఫ్ చేయించి గెస్టులను పెట్టుడు కొత్తగ షురూ జేసిండు. దారులు చూపెట్టనీకె మనిషి గావాలె అంటే మల్లేశం ముందలికొచ్చిండు. చెట్టెక్కుడు తప్పుతదని. ఇగో, ఈ గుండు జూడు. ఒంగి కూసున్నట్టు లేదు? ముసలమ్మ గుండు. పేరు వాడు పెట్టిందే. గెస్టులు దేన్ని చూసినా పేరడుగుతరు. అరబ్బీల ఏమంటరో వానికేం తెలుసు, నోటికొచ్చింది చెప్పేది, ఆళ్లు పుస్తకంల రాసుకునేది. మొన్న ఎవలో వచ్చి "ముసలమ్మ రాక్ ఎక్కడ" అని అడిగితే అర్బాబ్ కొడుకు తారిఖ్ ఏమన్నడో ఎర్కనా? అది మా తాతల నాటి పేరన్నడు! ఏ తాతలురా, మల్లేశం వాళ్ల మెట్‌పల్లి తాతలా అనుకున్న నేను. అగో, కింద వాగు తిరిగే కాడ, నీడ పడ్డది చూడు, అది గౌరవ్వ మలుపు. గౌరవ్వంటే వాని పెండ్లాం. "ఏందిరా, పెండ్లాన్ని తెచ్చి వాగుల పెట్టినవ్" అన్న. "ఆడ ఎండ పడదన్నా, ఆమెను కూసోనియ్యి" అన్నడు. నువ్వేంది, ఆడనే నిలబడ్డవ్? రాయి గుచ్చిందా? నడువు, నడువు.

హమ్మ. ఇగ కూసో. నీళ్లు తాగు. దారి చూపెట్టనీకె గాదు, నిన్ను బురుజు మీదికి తెచ్చింది వేరే పనికి. కింద వాగుల మడుగుంటది, గెస్టులు ఆడికి పోయిన రోజు మనం ఇద్దరు గావాలె. ఒకరు గెస్టుల ఎంబడి కిందికి, ఒకరు ఈ బురుజు మీద. ఉత్తరం దిక్కు చూడు, ఆ పెద్ద గుట్ట. ఈడ ఎండ మండుతుంటది, ఆడ వాన దంచుతది. ఆ నీళ్లు గంట తిరగక ముందే ఈడికొస్తయి. వాగును వాది అంటరు ఈళ్లు, "వాది వచ్చింది" అంటరు, చుట్టం వచ్చిండన్నట్టు. కింద ఉన్నోనికి మొగులు కనపడదు, రెండు దిక్కుల గోడ లెక్క రాయి, మీద పట్టెడంత ఆకాశం. గందుకే ఒకడు ఈడ కూసోని గుట్ట దిక్కు చూస్తుండాలె. మొగులు నల్లబడ్డదంటే గీ నూనె డబ్బా మీద రాయితోని కొట్టాలె. ఆ సప్పుడు లోయల మస్తు దూరం పోతది. ఇది గూడ మల్లేశం పెట్టిన పద్ధతే. ఒక వారం వాడు కింద, నేను మీద. ఒక వారం నేను కింద. మీద కూసునుడంటే మాకు పండుగ. ఎందుకంటే అప్పట్ల ఊరు మొత్తంల ఫోన్ కలిసేది ఈ బురుజు మీదనే, అది గూడ గీ దక్షిణం గోడకు ఒరిగి నిలబడితేనే. గుట్ట అటు, సిగ్నల్ ఇటు. ఏం చేస్తం. రెండు మాటలు మాట్లాడాలె, తిరిగి గుట్టను చూడాలె. మల్ల రెండు మాటలు. వాడు గట్లనే చేసేది. నేను గూడ చేసేది.

ఆ శుక్రవారం నా వంతు మీద. గెస్టులు ఐదుగురు, అందరు ముసలోళ్లే. పొద్దున మొగులు తునక లేదు. వాడు పోతా పోతా, "అక్కకు ఫోన్ జేసినప్పుడు మల్లేశం అడిగిండని చెప్పు" అన్నడు. చెప్పిన గూడ. మా ఆమె, బర్రె ఈనింది అన్నది. దుడ్డె, ముంగాళ్లు తెల్లగున్నయి అన్నది. లేచి నిలబడి మల్ల పడ్డదట, నా చిన్న కొడుకు దాన్ని ఎత్తుకొని అవుతల పెట్టిండట. నేనడుగుతున్న, ఆమె చెప్తున్నది. ఎంత సేపు? పావుగంట? ఇరువై నిమిషాలు? తెల్వదు. ఇప్పటికి లెక్క తెగదు. "పెడుత" అన్న నేను. "ఉండు, ఇంకొక ముచ్చట" అన్నది ఆమె. అది ఇని తిరిగి చూసే వరకు గుట్ట లేదు బిడ్డా. గుట్ట ఉన్న కాడ నలుపు ఉన్నది.

డబ్బా కొట్టిన. వేళ్లు పగిలే దాకా కొట్టిన. వాడు ఇన్నడు. ఐదుగురిని గౌరవ్వ మలుపు కాడి రాతి మెట్ల మీదికి ఒక్కొక్కలను ఎక్కిచ్చిండు. ఆఖరుకు ఒకామె, మోకాలు మడవరాదు, నడుము పట్టి మీదికి లేపిండు. ఆమె చెయ్యి పైనోళ్లకు అందింది. నీళ్లనుకుంటవ్ నువ్వు. నీళ్లు గాదు. బండలు, చెట్లు, లారీలకెల్లి కంకర దించిన సప్పుడు. నేను ఈడికెల్లి చూస్తనే ఉన్న. వాడు మీదికి చూసిండు. నన్ను చూసిండో, ఆకాశం చూసిండో.

మూడు దినాలకు కింద మైదానంల దొరికిండు. గెస్టులను ఆ పొద్దే మస్కట్ తోలిండు అర్బాబ్, ఆళ్లకు వాని పేరు సుత సక్కగ తెల్వదు, మల్లీ మల్లీ అని ఏడ్చిన్రు. పోలీసోళ్లు వచ్చిన్రు. అర్బాబ్ నన్ను పక్కకు పిలిచి, "వాడు ఎర్కనే అంటే నిన్ను గూడ తీస్కపోతరు, నన్ను గూడ" అన్నడు. బతాకా కార్డు లేదు నాకు, నా పేరు మీద ఒక్క కాయిదం లేదు. ఆ ఆఫీసరు మంచోడే, మెల్లగ అడిగిండు. వాని మొఖం మీది బట్ట తీసి, "పహ్‌చాన్తే హో?" అన్నడు. నహీ సాబ్ అన్న. ఇంకొకపారి అడిగిండు. నహీ మాలూమ్ అన్న. రెండేండ్లు ఒక్క చాప మీద పండుకున్నోన్ని. ఎవలో తెల్వదని రాసుకొని బొంద పెట్టిన్రు. తలకాడ ఒక రాయి, కాళ్లకాడ ఒక రాయి. మనోళ్లకు కాలవెట్టుడు గదా, అది గూడ కాలే. ఏడాదికొకపారి పోయి నీళ్లు పోసి వస్త. అగరుబత్తి పెడుదమంటే ఎవలన్న చూస్తరని భయం.

వాని సంచిల ఇంటి నంబరుండె. నెల దినాలు దగ్గర పెట్టుకున్న. అటెనుక గీ గోడకే ఒరిగి ఫోన్ జేసిన. చిన్న పిల్ల ఎత్తింది. పిట్ట అంటుండె వాడు దాన్ని, అసలు పేరు నాకు తెల్వదు. "మా అవ్వ బీడీల కార్ఖానకు పోయింది, మీరెవలు" అంటది, పెద్దమనిషి లెక్క. "మా నాయినకియ్యుండ్రి ఫోన్" అంటది. నువ్వయితే ఏమంటవ్? చెప్పు. నాకు నోట్లకెల్లి అదే వచ్చింది. మీ నాయిన దుక్మ్ పోయిండు బిడ్డా, సముద్రం కాడ కొత్త పని, ఆడ ఫోన్లు కలువయి అన్న. "ఎన్నడొస్తడు" అన్నది. పని అయినంక అన్న. "సరే, అవ్వకు చెప్త" అన్నది. గంతే. మల్ల జెయ్యలే. సర్కారు మాఫ్ జేసిన ఆమ్నెస్టీల నాకు కాయిదాలు వచ్చినంక సుత జెయ్యలే. పదిహేడేండ్లు. ఇప్పుడు ఇంటికి పోతున్న, మా ఊరికెల్లి మెట్‌పల్లికి బస్సుల గంట గూడ పట్టదు. పోతె ఆ ఇంటి ముందట ఏమని నిలబడాలె? పోకుంటె ఎట్ల పండాలె? ఈ నెలంత ఇదే. పోవాలె అనే ఉన్నది. దిగంగనే పోవాలె. ... నువ్వు మీద కూసున్న నాడు గుట్టకు ఈపు పెట్టకు, గంతే నేను చెప్పేది. ఎండ ముఖానికొచ్చింది, పద. పగటికి ఎనిమిది మందున్నరు. శనగలు నానబెట్టినవా లేదా?

నానబెట్టాను అన్నాను.

అవ్వకు చెప్తానన్న పిల్లను నేను. ఆమె కార్ఖాన నుంచి రాగానే ఎదురు ఉరికి చెప్పాను, నాయిన సముద్రం దగ్గరికి పోయాడని, అదేదో మంచి వార్త అయినట్టు. కాకను నిలబెట్టి తిట్టాలని ఉంది. దిగేటప్పుడు ఆయన మోకాలు పట్టుకుని ఆగిపోతే చెయ్యి అందించాను. ఎందుకు అందించానో తెలియదు. నేనెవరో ఆయనకు చెప్పాలో వద్దో అదీ తేలలేదు.

గిన్నెలు తోమి, వంటింటి వెనక కూర్చుని ఇదంతా రాశాను. నేను ఫోన్ చేస్తే అవ్వ మెడలోంచి పుస్తెలు తీస్తారు. చెయ్యకపోతే మొగుడు వదిలేసి పోయిన మనిషిగానే ఉంటుంది, అది కూడా ఒక వారమే. ఆ తర్వాత కాక, ఆమెకు ఎవరో ముసలాయన, వచ్చి వాకిట్లో నిలబడి చెప్తాడు, చుట్టుపక్కల వాళ్లంతా చూస్తుండగా. ఈ మాట ఆమె పరాయి నోట వినకూడదు. ఒకసారి విన్నది చాలు, అది కూడా నా నోటి గుండా.

అక్కడ ఇప్పుడు సాయంత్రం అయిదు అయి ఉంటుంది. అరుగు మీద కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తూ ఉంటుంది. చేస్తాను, ఇప్పుడే చేస్తాను. కత్తెర కింద పెట్టు అవ్వా, అని ముందు ఆ మాట చెప్తాను.