నవ్వేవాళ్ళు కుడివైపు

ఎవరి గురించి, మీ తాత గురించా? కూర్చో అమ్మాయ్, ఆ కుర్చీ కాలు ఊగుతుంది, ఇటు కూర్చో. నువ్వు పుట్టేసరికే పోయాడు కదా, నువ్వెక్కడ చూస్తావు. హాలు గేటు దగ్గర నేను టికెట్లు చింపేవాణ్ణి, బయట బోర్డుల మీద సినిమా పేర్లు ఆయన రాసేవాడు. ఒక టీ తెప్పించి రెండు గ్లాసుల్లో పోసుకునేవాళ్ళం. ఎప్పుడు చూసినా చేతికి ఏదో ఒక రంగు, పెళ్ళిళ్ళక్కూడా అలాగే వచ్చేవాడు. ఆ, ఏం చెబుతున్నా? ఆ రష్యా సినిమా.

ఎప్పటిదో పాత రష్యా నాటకమట, దాన్ని సినిమా తీశారు, మన మాటల్లోకి మార్చి మా హాలుకి పంపారు. రీళ్ళ డబ్బా వచ్చింది గానీ పోస్టర్లు రాలేదు. బోర్డు మీద ఏం రాయాలయ్యా అంటే మా యజమాని, నన్నడుగుతావేంటి, నీ పని నువ్వు చూసుకో అన్నాడు. మీ తాత శ్రద్ధ గల మనిషి. లైబ్రరీకి వెళ్ళి ఆ నాటకం పుస్తకం వెతికి పట్టుకున్నాడు. మొదటి పేజీలోనే ఉందట, నాలుగు అంకాల హాస్య నాటకం అని. ఇంకేం, ఎర్రరంగుతో నిలువెత్తు అక్షరాల్లో కడుపుబ్బ నవ్వించే చిత్రం అని రాసేశాడు. మొదటిరోజు హాలు నిండిపోయింది. అక్కడే కొంప మునిగింది.

కథేంటంటే, ఒక పెద్ద కుటుంబం ఊరు వదిలి వెళ్ళిపోతుంది. అంతే. రెండున్నర గంటలూ బయల్దేరుతూనే ఉంటారు. పెట్టెలు సర్దుతారు, వెళ్ళొస్తాం అంటారు, ఒకళ్ళ మెడ ఒకళ్ళు పట్టుకుంటారు, మళ్ళీ కూర్చుని టీ తాగుతారు. ఒక ముసలి మామయ్య మొదట్నుంచీ గొడుగు వెతుకుతుంటాడు, అది ఆయన చంకలోనే ఉంటుంది. విశ్రాంతి వేళకి సగం హాలు ముక్కులు చీదుతోంది. బస్సు కండక్టరు ఒకాయన ఉండేవాడు, పాపం ఆయనకి ఆగలేదు, లేచి నిలబడి ఎక్కండమ్మా ఎక్కండి, బండి కదుల్తోంది అని తెరకేసి అరిచాడు. బడిపంతులు బయటికొచ్చి జీవితమంటే ఇదే అన్నాడు. పక్కనున్న దర్జీ, ఈమాత్రం జీవితం మా ఇంట్లో ఊరికే ఉంది, దీనికి టికెట్టెందుకు అన్నాడు. ఇంకొకాయన వరసగా మూడు రోజులొచ్చాడు. ఏమయ్యా అంత నచ్చిందా అంటే, ఇవాళైనా బయల్దేరతారేమోనని అన్నాడు.

యజమాని దగ్గరికి జనం గుంపుగా వెళ్ళారు, నవ్విస్తామని రాసి ఏడిపిస్తారా అని. ఆయన మీ తాతని పిలిచి, గురువారం దాకా చూస్తా, ఈలోగా జనం నవ్వారా సరే, లేకపోతే నీ కుంచె ఇంకో ఊళ్ళో ముంచుకో అన్నాడు. అప్పటికి మీ అమ్మ చంకలో పిల్ల. ఇంకో ఊరంటే మాటలా? మీ తాత ఏం చేశాడనుకున్నావు, మర్నాటి నుంచి మధ్యాహ్నం ఆటకి ముందు వరసలో కూర్చుని తనే నవ్వడం మొదలుపెట్టాడు. ఎక్కడెక్కడ నవ్వాలో కాగితం మీద రాసుకున్నాడు. కూతురు తండ్రికి వెళ్ళొస్తానని చెప్పడానికి వస్తుంది, ఆయన కుర్చీలో గురక పెడుతుంటాడు, లేపాలా వద్దా అని ఆ పిల్ల నిలబడి ఉండగా మామయ్య వచ్చి నా గొడుగు చూశావా అంటాడు. అక్కడ మీ తాత నవ్వితే సీట్లు అదిరేవి. ఆ నవ్వు విని కొంతమంది నవ్వడం మొదలుపెట్టారు, ఏడ్చేవాళ్ళు వాళ్ళతో పోట్లాటకి దిగారు. మూడో రోజుకి యజమాని కొత్త పద్ధతి పెట్టాడు. ఏడ్చేవాళ్ళు ఎడమవైపు, నవ్వేవాళ్ళు కుడివైపు. నేను గేటు దగ్గర టికెట్ చింపుతూ నవ్వా ఏడుపా, నవ్వా ఏడుపా అని అడగాలి. మొగుడూ పెళ్ళాలు విడివిడిగా కూర్చున్నారమ్మా. రెండూ వస్తే ఎక్కడ కూర్చోవాలని కాంపౌండరు అడిగితే మధ్యలో దారుంది, అక్కడ నిలబడమన్నాను. నిజంగానే నిలబడ్డాడు.

గురువారానికి మీ తాత గొంతు పూర్తిగా పోయింది. ఇంట్లో నోరు తెరిస్తే గాలి వస్తోంది. ఈయన హాల్లో ఏం చేస్తున్నాడో చూద్దామని మీ అమ్మమ్మ పిల్లని పక్కింట్లో అప్పజెప్పి వచ్చింది. నవ్వా ఏడుపా వదినా అంటే, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ అంది. ఎడమవైపు కూర్చోబెట్టాను. నాకేం తెలుసు? అంటే, తెలుసనుకో, తట్టలేదు. వాళ్ళిద్దరూ ఇంట్లో చెప్పకుండా వచ్చేసినవాళ్ళు కదా. అదేంటి, మీ అమ్మ చెప్పలేదా నీకు? మధ్యాహ్నం పూట వాళ్ళ నాన్న కునుకు తీస్తుంటే మీ అమ్మమ్మ పెరటి తలుపు తీసుకుని కట్టుబట్టలతో వచ్చేసింది. వెళ్ళొస్తానని ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ వెళ్ళనూ లేదు. వాళ్ళ నాన్న పోయాడన్న ఉత్తరం కూడా ఆయన పోయిన నెలకి వచ్చింది.

ఆ గురువారం యజమాని చివరి వరసలో కూర్చున్నాడు, ఇవాళ తేల్చేద్దామని. తెర మీద కూతురొచ్చింది, తండ్రి గురక పెడుతున్నాడు, మామయ్య వచ్చి గొడుగు అడిగాడు. మీ తాత నవ్వలేదు. చూస్తే, ఎడమవైపున్న మీ అమ్మమ్మ వంక చూస్తున్నాడు. కుడివైపు వాళ్ళంతా ఈయన నవ్వు ఎత్తుకుంటాడని ఎదురుచూసి ఊరుకున్నారు. వెనక యజమాని లేచి నిలబడ్డాడు. అప్పుడు ఏడుపు వరసల్లోంచి ఒక నవ్వు వచ్చింది. మీ అమ్మమ్మ. ఆవిడ అంత గట్టిగా మాట్లాడగా కూడా నేనెప్పుడూ వినలేదు. పక్కనున్నవాళ్ళు అమ్మా, నవ్వాలంటే అటెళ్ళండి అని కసురుకుంటున్నారు, ఆవిడ ఆపదు. కుడివైపు అందుకుంది, హాలంతా అందుకుంది, మధ్యలో నిలబడ్డ కాంపౌండరు కూడా పొట్ట పట్టుకున్నాడు. యజమాని కూర్చున్నాడు. నేను టార్చి వేసుకుని వెళ్ళాను, ఆవిడ్ని కుడివైపు మారుద్దామని. తడిసిన మొహం మీద వెలుగు పడగానే టార్చి ఆర్పేశాను.

ఆట వదిలాక ఆయన గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు, మాట్లాడదామంటే గొంతు లేదు. ఆవిడ వచ్చి, ఎక్కడ నవ్వాలో అక్కడే నవ్వానా అని అడిగింది.

ఆ కిటికీ కాస్త వెయ్యమ్మా. ఎండ మొహం మీద పడుతోంది.