పాలకు కబురు

1998 ఎండాకాలం, పొద్దున్నే, కొత్తగూడలో సత్తెమ్మ బర్రెల కొట్టం. పశువుల డాక్టర్ జయంతి వచ్చిన దగ్గర్నుంచి పోయే తొందరలోనే ఉంది.

"ఒక్క సూది పొడువు డాక్టరమ్మా. మూడు దినాలాయె, బర్రె చేపుతలేదు. పొదుగు నిండ పాలున్నయి, చుక్క ఇడుస్తలేదు."

"సూది వేయనండీ. దూడేది?"

"సచ్చిపాయె. దాని తోలుల గడ్డి కుక్కి ముందల నిలవెడితే, మొన్నటిదాంక నాకుకుంట ఇచ్చింది. ఇప్పుడు దాని దిక్కు గూడ సూస్తలేదు."

"ముందు ఆ బొమ్మ తీసేయండి. అవతల పారేయండి."

"గంత కోపమేంది?"

"కోపం కాదు. పాలు దించేది పొదుగు కాదండీ, మెదడు. దూడ మూతి తగిలితే మెదడులో నరాల కణాలు ఆక్సిటోసిన్ అని ఓ చిన్న రసాయనం విడుస్తాయి. అది రక్తంలో పొదుగు దాకా వచ్చి, ఇక వదలమని కబురు చెబుతుంది. మెదడులోనూ పనిచేసి, బిడ్డ మీద మనసు కుదిరేలా చేస్తుంది."

"బిడ్డ లేకుంటే?"

"వేడినీళ్లున్నాయా? పొదుగు కడగాలి."

"ఉన్నయి. సూదిల గూడ గదే మందట గద?"

"అదే. కానీ రోజూ పొడిస్తే, సూది లేనిదే చేపదు. దీనికున్నది భయం. రాయదుర్గం గుట్టల్లో బండలకు తూటాలు పెట్టి పేలుస్తున్నారుగా."

"పాలు పిండే యాళ్లకే పేలుస్తరు. ఆఫీసులు కడతరంట."

"బెదిరితే మెదడు ఆ కబురు ఆపేస్తుంది. తూటాల వేళకు ముందే, పొదుగు నిమిరి, నెమ్మదిగా పిండి చూడండి. రెండు మూడు రోజులు పడుతుంది."

"రెండు మూడు దినాలా? అగో, ఆ ఏడుపు ఇనవడుతలేదా? నా మనుమరాలు. రెండు నెలల పిల్ల. కోడలు కామెర్లొచ్చి దవాఖానల ఉన్నది. పిల్లేమో డబ్బపాలు తాగితే కక్కుతున్నది. గీ బర్రె పాలే దిక్కు."

"వింటున్నాను. నేను... నేను వెళ్లాలండీ."

"ఏడికి వోతవ్, జర ఆగు. డాక్టరమ్మా, నీ రవిక తడిసింది."

"చెమట."

"చెమట గాదు. ముగ్గుర్ని కన్న, నాకెర్కలేదా? పసిబిడ్డను ఇంటికాడ ఎవలు సూస్తున్నరు?"

"ఎవరూ చూడట్లేదు."

"ఎవలూ సూస్తలేరంటే?"

"పుట్టిన ఆరో రోజున పోయాడండీ. ఇరవై రోజులైంది. ఇంట్లో కూర్చోలేక డ్యూటీలో చేరాను. ఎక్కడ ఏ పిల్ల ఏడ్చినా ఇంతే, పాలొచ్చేస్తాయి. ఎవరి పిల్లో నా మెదడుకి తెలియదు."

"అయ్యో బిడ్డా. నేను ఎర్కలేక సూది సూది అని సతాయించిన. ఇగ అడగ. ఇంటికి పో, జర పండుకో."

"ఆ తలుపు దగ్గరగా వేసి, పాపను ఇటివ్వండి."